ఉనైసి సవతి చెరువు

ఆ చేపల చెరువును ఉనైసి "సవతి" అనేది. మొగుడు పెనాయా బతికున్నప్పుడే ఆవిడ పెట్టిన పేరు అది. పొద్దున చర్చి ముందు లలి మోగడం ఆలస్యం, ఆ దుంగ డోలు మోతకి పెనాయా తాగుతున్న టీ వదిలేసి మేత బకెట్ పట్టుకుని పరిగెత్తేవాడు. "నా పెళ్ళాలు ఆకలి మీదున్నారు!" అని అరిచేవాడు. పక్కింట్లో మేమంతా నవ్వేవాళ్ళం. ఉనైసి మాత్రం మూతి ముడుచుకునేది.

పోతూ పోతూ అతను ఒక్కటే అడిగాడు: తను పోయిన నూరో రాత్రి విందుకు ఈ చేపలే పెట్టాలని. దుఃఖం తీరే రోజు అది, ఊరంతా తింటుంది. అతన్ని పూడ్చినప్పుడు ఉనైసి కంట చుక్క రాలేదు. చెరువు వైపు కోపంగా చూస్తూ నిలబడింది.

మేత పని ఆవిడా, పెనాయా అక్క కెలెరా పంచుకున్నారు. కెలెరా లలి మోగగానే వెళ్ళేది, చెరువంతా కుతకుతలాడిపోయేది. ఉనైసి ప్రార్థన ఎగ్గొట్టే మనిషి కాదు. చర్చి నుంచి వచ్చి, వంట ముగించి, మిట్టమధ్యాహ్నం వెళ్ళేది. ఒకటో రెండో వచ్చి మేత వాసన చూసి పోయేవి.

"మొగుడేమో వాటి పాలయ్యాడు, అవేమో నీ పాలయ్యాయి. ఏం మందు పెట్టావు వదినా?"

"నా తమ్ముడికి నువ్వు పెట్టిన మందే! పిచ్చిదానా, అవి నాకోసం రావే. లలి మోగే వేళకి వాటికి ఆకలి లేస్తుంది. ఒక్క పూట ప్రార్థన మానేసి రా, తెలుస్తుంది."

"దేవుణ్ణి మానేసి సవతులకి వడ్డించాలా?"

అసలు రహస్యం దాస్తోందని ఉనైసి కుళ్ళిపోయింది. మర్నాటి నుంచి చీకటితోనే లేచి, దొంగతనంగా బకెట్టెడు మేత కుమ్మరించడం మొదలుపెట్టింది. ఎత్తు పారింది. లలి మోగినా కడుపు నిండిన చేపలు బద్ధకంగా మెదిలాయి. కెలెరా ముఖం చిన్నబోయింది. ఉనైసి ఆ రోజు పాటలు పాడుతూ కర్రపెండలం తవ్వింది. తినకుండా వదిలిన మేత రోజూ అడుగున చేరి కుళ్ళుతున్న సంగతి ఎవరికీ పట్టలేదు.

విందు దగ్గర పడింది. ఒక రోజు తెల్లారకముందే ఉనైసి మా తలుపు బాదింది. "రావే, చూద్దువుగానీ! అన్నీ నాకోసమే వచ్చాయి!"

వెళ్ళి చూస్తే చెరువంతా నోళ్ళే. ఉనైసి పగలబడి నవ్వుతూ గుప్పిళ్ళతో చల్లుతోంది. మేత వాటి మూతుల మీదే తేలుతోంది, ఒక్కటీ ముట్టడం లేదు. నాకు భయమేసి కెలెరాని కేకేశాను.

ఆవిడ వస్తూనే నీళ్ళలోకి దూకింది. "ఆకలి కాదే, వాటికి ఊపిరాడట్లేదు! మేత ఆపి, వాగు నీళ్ళు వదులు!"

ఉనైసి బకెట్ పారేసి తూము అడ్డు పీకేసింది. ఎండెక్కేదాకా వదినా మరదళ్ళిద్దరూ చేతులతో నీళ్ళు చిమ్ముతూనే ఉన్నారు. సగం చచ్చాయి. మిగిలిన సగం విందుకి సరిపోతే అదే పదివేలు. కెలెరా ఊళ్ళో ఒక్క మాట పొక్కనివ్వలేదు.

బతికినవి కొన్నాళ్ళు మేత ముట్టలేదు. విందు ముందురోజు పొద్దున కెలెరా బకెట్ తెచ్చి మరదలి చేతిలో పెట్టింది. "ఈ ఒక్క పూటకి దేవుడేమీ అనుకోడు." కెలెరా, నేనూ చేపలకి కనబడకుండా గట్టు కింద కూర్చున్నాం.

లలి మోగింది. చేపలు లేచాయి, ఎగబడి తిన్నాయి. ఉనైసి చాలాసేపు వాటినే చూసింది.

"వదినా, నన్ను చూసి రాలేదు కదా ఇవి?"

"లేదు."

"నిన్ను చూసీ కాదు."

"మొదటి నుంచీ అదేగా చెబుతున్నా."

"అయితే ఆయన్ని చూసి కూడా రాలేదన్నమాట."

ఉనైసి బకెట్ బోర్లించి దాని మీద కూలబడింది.

"మొద్దు ముండలు! పెళ్ళాలు పెళ్ళాలని మురిసిపోయాడే! ఆయన కోసం ఎదురుచూసింది నేనొక్కదాన్నే కదా వదినా!"

అంటూనే భోరుమంది. పెనాయా పోయాక ఆవిడ ఏడవడం మేం చూసింది అప్పుడే.