గడ్డి లేని దిమ్మ

మా మామిడి తోట పక్క చేను తవ్వి గ్రావెల్ అమ్ముకున్నవాడు ఎనిమిదో తరగతిలో నా దగ్గరే లెక్కలు నేర్చుకున్నాడు. పెద్ద సంఖ్యల్ని పదికి ఘాతాలు వేసి రాయమంటే ఎప్పుడూ ఘాతం ఒకటి తక్కువ వేసేవాడు. అప్పట్లో అది పొరపాటనుకున్నాను.

చాట్రాయి మెట్టలో వాడి గోతి మా గట్టుదాకా వచ్చేసింది. చివరి వరస చెట్ల వేళ్ళు గాలిలో వేలాడుతున్నాయి. అనుమతికి మించి తవ్వాడని తేలితే పని ఆగుతుంది, తోట నిలుస్తుంది. అందుకే ఫిర్యాదు చేశాను.

కొలవడానికి ఒక అధికారి వచ్చాడు. పాత నేల మట్టం తెలియడానికి గోతి మధ్య ఒక మట్టి దిమ్మని తవ్వకుండా వదులుతారు. దాని ఎత్తే గోతి లోతు. ఆయన టేపు పెడితే రెండు మీటర్లు వచ్చింది. పొడవు రెండు వందలు, వెడల్పు నూట యాభై. మొత్తం 6 × 10⁴ ఘనపు మీటర్లు. అనుమతి కూడా సరిగ్గా అంతే!

నాకు ఒళ్ళు మండింది. దిమ్మ నెత్తిన ఒక్క గడ్డి పరక లేదు. అంటే పాత నేల ఉన్న పైభాగమంతా చెక్కేశారు. మా తోటదీ ఆ చేనుదీ ఒకే మట్టం కనక, చివరి చెట్టు మొదట్లో టేపు పట్టి కిందికి వదిలాను. ఆరు మీటర్లు. అక్కడే కాగితం మీద లెక్క కట్టాను. (2 × 10²) × (1.5 × 10²) × 6 = 18 × 10⁴, అంటే 1.8 × 10⁵.

అధికారి చూసి నవ్వాడు.

"మాది పది పైన నాలుగు, మీది ఐదు. ఒకటేగా మేడమ్ తేడా? దీనికింత గొడవేంటండీ?"

"ఆ ఒకటిలో లక్షా ఇరవై వేల ఘనపు మీటర్లున్నాయండీ. లారీకి పది చొప్పున పన్నెండు వేల లారీలు. హనుమాన్ జంక్షన్ రోడ్డు మీద మీకు ఒక్కటీ అడ్డం రాలేదా?"

నా శిష్యుడు బడిలోలాగే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "టీచర్ గారు పెద్దవారండీ, ఎండకి తట్టుకోలేరు. రికార్డులో ఉన్నది దిమ్మ. ఆ చెట్టు కాదు కదండీ."

అధికారి తలూపాడు. "ఒక్క చెట్టుని నమ్మి ఎలా రాస్తామండీ? రేపొచ్చి మళ్ళీ చూస్తాను."

మర్నాడు పొద్దున్నే వెళ్ళాను. ఆ చెట్టు పిందెలతో సహా గోతిలో బోర్లా పడి ఉంది. గట్టు మీద పొక్లెయిన్ పళ్ళ గీతలు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఒక్క పిల్లవాడి మీదా చెయ్యెత్తని నాకు, ఆ పొద్దున్న వాడి చెంప పగలగొట్టాలనిపించింది.

పక్క చెట్టు మొదలుకి టేపు కట్టి అధికారికి ఫోన్ చేశాను.

"ఇంకా అరవై మూడు చెట్లున్నాయండీ. రండి, ఒక్కొక్కదాని దగ్గరా కొలుద్దాం."