ఫోటోలో పెరిగిన మచ్చలు

2007లో కోదాడ బస్టాండుకు దగ్గర్లో నాకు ఫోటో స్టూడియో ఉండేది. ఫిల్ము కెమెరా పక్కన పెట్టి డిజిటల్‌కు మారిన కొత్త రోజులు. ఫోటో తీయడం తెలుసు గానీ, తీసిన ఫోటో కంప్యూటర్లోకి వెళ్ళాక ఏమవుతుందో సగమే తెలుసు.

ఆ రోజుల్లో చిలుకూరు నుంచి సుజాత అనే ఆమె నెలకోసారి వచ్చేది. ఇంట్లో మిషను కుట్టేది. భర్త గొర్రెలు కాసేవాడు. ఆమె చెంపల మీద బొల్లి మచ్చలు వచ్చాయి. హైదరాబాద్‌లో ఒక చర్మ వైద్యురాలు చూస్తోంది. ప్రతిసారీ అంత దూరం రాలేనంటే, మధ్యలో ఫోటోలు మెయిల్ చేస్తే చాలని డాక్టరమ్మ ఒప్పుకుంది. పోల్చి చూడటానికి వీలుగా ఎప్పుడూ అవే లైట్లు, వెనక అదే నీలం పరదా పెట్టి ఫోటో తీసి, సీడీలో వేసి ఇచ్చేవాణ్ని. పక్క వీధిలో నెట్ సెంటర్ నుంచి ఆమె పంపించుకునేది.

ఒక నెల, ఫోటో తీసిన కొద్ది రోజులకే మళ్ళీ వచ్చింది. కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని ఉంది. మచ్చలు నుదుటికి కూడా పాకాయని డాక్టరమ్మ ఫోన్ చేసి, గట్టి మాత్రలు మొదలుపెట్టమందట. అవి వేసుకున్నప్పటి నుంచి కడుపులో మంట, కంటికి నిద్ర లేదు.

"అన్నా, అద్దంల సూస్కుంటే తగ్గినట్టే కనబడుతుంది. ఫోటోల ఎక్కువైనయంట. నేను ఏది నమ్మాలె?"

కొంగు తీయమని చూస్తే నుదురు శుభ్రంగా ఉంది. నా కంప్యూటర్లో ఆ నెల ఫోటో తెరిచాను. అందులోనూ మచ్చ లేదు. లైట్ల తప్పేమో అనుకున్నాను, మానిటర్ తప్పేమో అనుకున్నాను. ఇంకో ఫోటో తీశాను, అదీ అంతే. చివరికి ఇద్దరం నెట్ సెంటర్‌కు వెళ్ళి, పంపిన మెయిల్ తెరిపించాం.

తెర మీద ముఖం ఆమెదే. కానీ చెంపల నిండా, నుదుటి మీద, మెడ మీద అంచులు కోసినట్టు తెల్లటి, గోధుమరంగు మరకలు. సుజాత తెరకు దగ్గరగా వంగి చాలాసేపు చూసింది.

"అన్నా, ఎనకున్న పరదాకు గూడ మచ్చలొచ్చినయేంది?"

నిజమే. నున్నటి పరదా కూడా ముక్కలు ముక్కలుగా ఉంది. అప్పుడు ఫైలు పేరు చూశాను. చివర నేనిచ్చిన ఫోటోకు ఉండే జేపీజీ అని లేదు, జిఫ్ అని ఉంది. నెట్ నెమ్మదిగా ఉందని, ఫైలు చిన్నదవుతుందని సెంటర్ అతను ఆ నెల ఫోటోను జిఫ్‌లోకి మార్చి పంపాడట. మంచికే చేశాడు. జిఫ్ ఫార్మాట్ ఒక బొమ్మలో 256 రంగులే దాచుకుంటుందని తర్వాత తెలుసుకున్నాను. లోగోలకు, గీతల బొమ్మలకు అది చాలు. మనిషి ముఖం మీద వెలుగు నుంచి నీడ దాకా లెక్కలేనన్ని ఛాయలుంటాయి. వాటికి చోటు లేక, దగ్గరి ఛాయలన్నీ ఒకే రంగులో కలిసిపోయి మరకల్లా తేలతాయి. జేపీజీ కూడా కొంత వదిలేస్తుంది గానీ, క్వాలిటీ ఎక్కువ పెడితే ఒంటి ఛాయ నిలుస్తుంది.

అసలు ఫోటోను జేపీజీగానే పంపి డాక్టరమ్మకు ఫోన్ చేశాం. మొదట ఆమెకూ అయోమయంగానే ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి చూశాక, ఆ మాత్రలు ఎలా మానాలో చెప్పి, ఒకసారి స్వయంగా రమ్మంది. వెళితే, పాత మందే పనిచేస్తోందని తేలింది.

ఆ రోజు నెట్ సెంటర్ మెట్లు దిగుతూ సుజాత ఆగిపోయింది.

"మా ఆయన రోజూ తగ్గిందనే అంటుండు. నా మనసు కోసం అబద్ధమాడుతుండనుకున్న. ఆయనతోని మాటలు బంద్ పెట్టిన," అంది.

ఆ తర్వాత ఎవరు సీడీ అడిగినా, ఫోటో ఎందుకు, ఎలా పంపుతారు అని అడగకుండా ఇవ్వలేదు. ఫార్మాట్ సంగతి అలా నేర్చుకున్నాను. రోజూ ఎదురుగా కూర్చుని అన్నం తినే మనిషి చూపు కంటే తెర మీది బొమ్మే నిజమని మేమంతా ఎందుకు అనుకున్నామో మాత్రం నాకిప్పటికీ తెలియదు.