వెనక వరుసలో జాడీ

కొత్త జాడీలు వెనక్కి వెళ్లాలి, పాతవి ముందుకి రావాలి. అత్తగారి కొట్టుగదిలో చట్టమంటే ఇదే. చేలో కాసిన టమాటాల్లో మెత్తబడ్డ కాయని కూడా ఆవిడ పారేయనిచ్చేది కాదు. అన్నీ కోసి, ఎండబెట్టి, ఒరుగులు చేసి దాచాల్సిందే. కాపురానికి వచ్చిన కొత్తలో కోడలు, తను ఎండబెట్టినవి రుచి చూద్దామని వెనక జాడీ లాగింది. అత్తగారు చేతి మీద చిన్నగా ఒకటి వేసింది.

"పాతవి అయ్యాకే కొత్తవి."

తీరా పాతవి అయ్యేసరికి కొత్తవీ పాతబడేవి. ఆ ఇంటిల్లిపాదీ ఏ ఏటి ఒరుగులు ఆ ఏడు తిన్న పాపాన పోలేదు. అందుకు కోడలు సణగని రోజు లేదు.

అత్తగారు పోయాక, ఆవిడ ఆఖరుసారి నింపిన జాడీ ఒకటి మిగిలింది. దాని మూతికి పాత చీర పీలిక, ఎవరికీ ఓ పట్టాన ఊడిరాని ఆవిడ ముడి. అది ముందుకి వచ్చినప్పుడల్లా కోడలు మళ్లీ వెనక్కి నెట్టేసి, తను మొన్న నింపినది తీస్తోంది.

ఓరోజు భర్త చూడనే చూశాడు. "అదేంటి, పాతది కదా ముందు తియ్యాలి? అమ్మ ఉంటే ఊరుకునేదా?"

"ఊరుకునేది కాదు," అంటూనే ఆమె ఆ జాడీని ఇంకాస్త లోపలికి జరిపింది.

ఆ పూట కూరలో పడినవి ఆ ఏటి ఒరుగులే. ఇన్నేళ్లూ ఆమె నోరూరించుకున్న రుచి.

"ఎలా ఉన్నాయి?" అన్నాడు భర్త.

ఆమె నెమ్మదిగా నమిలి మింగింది.

"పాతవే బాగుండేవి."