దీంతో తెల్లబడరు

మా బోటనీ మేడంగారు పోయారని సోమవారం పొద్దున్నే ఫోనొచ్చింది. నిద్రలోనే వెళ్లిపోయారట. నాకు ముందు ఏడుపు రాలేదు. "పన్నెండింటికి తీసుకెళ్తారండీ" అనగానే కిటికీలోంచి ఎండ వంక చూశాను. ఎందుకు చూశానో సిగ్గు విడిచి చెబుతున్నాను.

తాడేపల్లిగూడెం కాలేజీలో నాకు పాఠం చెప్పిన మేడంగారు రిటైరయ్యాక దెందులూరులో మా వీధికే వచ్చారు. ఆవిడకు సముద్రపు నాచంటే పిచ్చి. పాత విద్యార్థులు విశాఖ నుంచి తెచ్చిస్తే కడిగి, మేడ మీద నీడన ఆరబెట్టేవారు. ఆ నీచు వాసనకు వీధిలో పిల్లులన్నీ అక్కడే చేరేవి.

"మా చేపల చెరువులో కావలసినంత నాచుందండీ, అంత దూరం నుంచి దేనికండీ?" అన్నాడు పాలాయన.

"అది మొహానికి రాసుకునేరండీ బాబూ, దద్దుర్లొస్తాయి!" అని మేడంగారు కంగారుపడ్డారు.

నాచు రసంతో జెల్ చేసి చిన్న సీసాల్లో నింపేవారు. ప్రతి సీసాకీ తన చేత్తో రాసిన చీటీ అంటించేవారు: 'ఎండకు కొంత అడ్డు. దీంతో తెల్లబడరు.'

"గోధుమరంగు నాచులో రంగు తగ్గించే గుణం ఉందని మీరే చెప్పారు కదండీ" అని వాదించాను.

"గాజు గొట్టంలో జరిగింది నీ మొహం మీద జరుగుతుందని ఎలా చెప్పనమ్మాయ్?"

అప్పటికే పదేళ్లుగా తెల్లబడాలని మెడికల్ షాపులో కొన్న క్రీము ట్యూబు రాస్తున్నాను. మొదటి వారంలోనే ముఖం మెరిసింది, చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. ఆ మెప్పుకు అలవాటుపడ్డాను. తర్వాత చర్మం పలచబడింది. రాస్తే ఎండ పడదు, మానితే మంట. పగలంతా కర్టెన్లు వేసుకుని ఇంట్లోనే ఉండేదాన్ని. మేడంగారే ఏలూరులో చర్మం డాక్టరుకు చూపించారు. ట్యూబులో స్టెరాయిడ్ ఉందని, మెల్లగా మానాలని, ముఖం దారికి రావడానికి నెలలు పడుతుందని ఆయన చెప్పారు.

తిరిగొస్తూ ఆటోలో మేడంగారు అన్నారు: "అల వెనక్కి పోతే నాచు రాతి మీదే ఉండిపోతుంది. పారిపోవడానికి కాళ్లు లేవు. అందుకే ఎండను ఆపే సరుకు తనలోనే తయారుచేసుకుంటుంది. నీ ఒంటికీ ఆ తెలివుంది. నువ్వేమో దాన్ని నలుపంటున్నావు."

మూడు వారాలు ఓర్చుకున్నాను. ముఖం కమిలి, మంట పుట్టి, ఒకరోజు అద్దం ముందు ఏడ్చి మళ్లీ ట్యూబు మొదలుపెట్టాను. మేడంగారు అడిగితే "మానేశానండీ" అన్నాను. ఆవిడ నమ్మారు. "మా అమ్మాయి నాకంటే మొండిది" అని వచ్చినవాళ్లందరికీ చెప్పుకున్నారు. నన్ను అంతగా నమ్మిన మనిషి మరొకరు లేరు.

ఆ సోమవారం గొడుగు వేసుకుని, ముఖానికి చున్నీ చుట్టుకుని ఆవిడ ఇంటికి చేరాను. ప్రార్థన అయింది. శవపెట్టె ఎత్తుతుంటే మేడంగారి తమ్ముడు నా దగ్గరికొచ్చారు.

"ట్యూబు మానేసింది మీరేనాండీ? అక్క ఎప్పుడూ మీ మాటే చెప్పేదండీ. రండి, మీరు ముందు నడవండి."

చున్నీ తీస్తే ఆయనకు తెలిసిపోతుంది. తీయకపోయినా తెలిసిపోతుంది.

"చెప్పులు వేసుకుని వస్తానండీ" అన్నాను.

పెట్టె ఎండలోకి వెళ్లింది. షామియానా నీడ చివర ఆగి కిందికి చూసుకున్నాను. చెప్పులు నా కాళ్లకే ఉన్నాయి.