గట్టు దాటించిన గుంజలు

పలుగురాళ్ల గనిలో మందు పేలిన ప్రతిసారీ నా గుండె జారుతుంది. ఆ గని బాన్సువాడకు దగ్గరలో, మా ఊరి పొలాల మధ్యే ఉంది. అందరికీ అది ఒట్టి శబ్దం. నాకు మాత్రం ఎవరో పేరు పెట్టి పిలిచినట్టుంటుంది. ఏళ్లుగా ఒక తప్పును మోస్తున్నాను. నా భార్యకు కూడా తెలియదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు ఇలా రాసి చెప్పగలుగుతున్నానేమో.

మా నాన్న ఉన్న పొలాన్ని రెండు చేసి ఒకటి నాకు, ఒకటి మా అక్కకు ఇచ్చాడు. మధ్యలో ఒక గట్టు, అంతే. రెండింటికీ నిజాంసాగర్ కాలువ నీళ్లే. నాట్ల రోజుల్లో అక్క, బావ, మేము అందరం కలిసే రెండు పొలాల్లోనూ దిగేవాళ్లం.

ఒక ఎండాకాలం ఏదో కంపెనీ మనుషులు తెల్ల పలుగురాయి కోసం వెతుక్కుంటూ వచ్చారు. కొలతలు వేసి, అడుగున రాయి ఉందో లేదో చూసే బోరు ఎక్కడ వేయాలో గుర్తుగా ఎర్రరంగు పూసిన గుంజలు పాతారు. నా పొలంలో. బోరు మిషన్ తెచ్చేవాళ్లు వేరే మనుషులనీ, మర్నాడు వస్తారనీ చెప్పి వెళ్లిపోయారు.

మిట్టమధ్యాహ్నం. చుట్టుపక్కల మనిషి లేడు. ఆ గుంజలు పీకాను. గట్టు దాటించి అక్క పొలంలో పాతాను. పాత గుంతల్లో మట్టి పోసి కాలితో తొక్కాను. ఎక్కడా ఆగలేదు. ఎందుకు ఆగలేదు? అక్క మీద నాకు పగ లేదు. నా పొలం పోతుందన్న భయం తప్ప ఆ క్షణంలో నాకు అక్క లేదు, బావ లేడు, ఎవరూ లేరు.

మర్నాడు వచ్చినవాళ్లు గుంజలున్న చోటే బోర్లు వేశారు. అక్కడ ఏమీ పడదు, వీళ్లు వెళ్లిపోతారు అనుకున్నాను. నిజంగా అలా అనుకున్నానా, లేక ఇప్పుడు చెప్పుకుంటున్నానా? రాయి అక్కడా పడింది.

బావ పొలం ఇవ్వనన్నాడు. నా భయం ఇంకా పెరిగింది. ఆయన మొండికేస్తే మళ్లీ కొలతలు వేస్తారు, నా వైపుకు వస్తారు. అందుకని ఒప్పించడానికి నేనే వెళ్లి ఆయన దగ్గర కూర్చున్నాను.

"రాయి ఒక్కపారి తీస్తే అయిపాయె బామ్మర్ది. మడి గట్ల కాదు, ఏటేటా అన్నం పెడ్తది. దేశానికి ఏది ఎక్కువనో నువ్వే చెప్పు" అన్నాడు.

"గీ రాయితోనే అద్దాలు, సోలార్ పలకలు చేస్తరట బావా. దేశం ముందల వడాలంటే గిదే గావాలె. వడ్లు యాడనైనా పండుతయి."

"నీ మడిల దొరికితే ఇస్తువా?"

"ఇద్దును బావా. ఫికర్ లేకుంట ఇద్దును."

ఆయన నా ముఖంలోకి చూసి సరేనని తల ఊపాడు. అక్క అయితే ఆ మాత్రం కూడా అడగలేదు. "తమ్ముడు చెప్పినంక ఇగ సోంచాయించుడేంది" అంది.

దేశానికి పొలం ఎక్కువా, ఖనిజం ఎక్కువా? ఆ రోజు నేను చెప్పింది పూర్తిగా అబద్ధమని ఇప్పటికీ అనలేను. రాయీ కావాలి, తిండీ కావాలి. నమ్మి చెప్పినవాడి నోట అది ఒక అభిప్రాయం. నేను నమ్మలేదు. నమ్మి ఉంటే గుంజలు నా పొలంలోనే ఉండేవి.

అక్క పొలం ఇప్పుడు తాటిచెట్టు లోతు గుంట. వ్యవసాయం పోయాక బావ ఆ గనిలోనే, రాయి పగలగొట్టే మిషన్ దగ్గర కూలికి కుదిరాడు. రోజంతా తెల్లటి దుమ్ములో నిలబడేవాడు. ఇప్పుడు నాలుగడుగులు వేస్తే దగ్గు. ఊపిరితిత్తులు గట్టిపడ్డాయని డాక్టర్ చెప్పాడు. పంట చేతికొచ్చినప్పుడల్లా వాళ్లింటికి బియ్యం పంపిస్తాను. "నువ్వున్నవ్ గాబట్టి బతికినం తమ్మీ" అంటుంది అక్క. ఆ మాట అనేకంటే నన్ను కొట్టినా బాగుండు.

పోయిన వారం కంపెనీ కొత్త ఇంజనీరు వచ్చాడు. అసలు రాయి నా పొలం కిందే ఎక్కువ ఉందట. మొదటి కొలతలకూ, బోర్లు వేసిన చోటికీ పొంతన కుదరడం లేదట. గట్టు మీద నిలబడి గట్టిగానే అన్నాడు. బావ నా పక్కనే ఉన్నాడు. ఇంజనీరు వెళ్లాక నెమ్మదిగా అడిగాడు.

"గుంజలు ఎవలన్న కదిపిండ్రా ఏంది బామ్మర్ది?"

"ఏమో బావా, గొడ్లు తొక్కినయేమో."

దగ్గు తెర వచ్చి ఆయన గట్టు మీదే కూలబడ్డాడు. అప్పటినుంచీ నాకు అన్నం సహించడం లేదు. ఊరికే అడిగాడా? తెలిసే అడిగాడా? వీధిలో ఆయన దగ్గు వినిపిస్తే లోపలి గదిలోకి పోతున్నాను. పొలం పోతే పోనీ అనిపిస్తోంది ఇప్పుడు. దాని కోసమే కదా ఇంత చేశాను! అక్క ఇక నా ముఖం చూడదేమో, బియ్యం వాకిట్లోనే వదిలేసి తలుపు వేసుకుంటుందేమో అన్నదే నా భయం.

రేపు బావను బండి మీద దవాఖానకు తీసుకెళ్లాలి. దారిలో చెప్పాలనుకుంటున్నాను. చెప్తానని మీకు మాట ఇవ్వలేను, నా పిరికితనం నాకు తెలుసు. ఇక్కడ మాత్రం చెప్పేశాను. గుంజలు మార్చింది నేనే. ఆ మాట రాసి, చాలా ఏళ్లకు నిండుగా ఊపిరి పీల్చుకున్నాను. బావకు ఆ పాటి ఊపిరి కూడా అందదని వెంటనే గుర్తొచ్చింది.