కెప్టెన్ గారి పదకొండు నెలలు

మా ఆవిడ సైన్యంలో కెప్టెన్‌గా చేసింది. నేను జర్మనీలో ఎష్‌బోర్న్ అనే ఊళ్ళో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో కన్సల్టెంటుని. ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో వేరే చెప్పక్కర్లేదు. ఆమెది శ్రీకాకుళం వైపు, మాది కరీంనగర్. నన్ను ఎంతో మర్యాదగా "మీరు" అంటూనే, "చెప్పులు అక్కడ విడవకండి, లైన్లో పెట్టండి" అని ఆర్డరు వేస్తుంది. నేను లైన్లో పెడతాను.

పెళ్ళికి ముందు ఐదేళ్ళు ఆర్మీ ఆసుపత్రుల్లో నర్సింగ్ ఆఫీసరు. పెళ్ళయ్యాక నాతో జర్మనీ వచ్చి, ముందు భాష నేర్చుకుంది. ఇక్కడ నర్సుగా గుర్తింపు కాగితాలు తెమిలేలోపే కరోనా వచ్చిపడింది. ఆఫీసులు మూసేశారు, దొరికిన టెర్మిన్లు, అంటే అపాయింట్‌మెంట్లు, కూడా రద్దయ్యాయి. ఇంట్లో ఊరికే కూర్చోలేక పక్క ఊళ్ళో ముసలివాళ్ళ హోములో సహాయకురాలిగా చేరింది. స్నానాలు చేయించడం, పక్కబట్టలు మార్చడం, సూపు తాగించడం. అలా చేస్తుండగానే ఒకరోజు అన్నం తింటూ, డాక్టరు చదువుతానని చెప్పింది. అప్పటికి ఆమెకు ముప్పై రెండేళ్ళు. ఆర్డరు వేసినట్టు కాదు, అడిగినట్టు చెప్పింది. ఆమె అలా అడగడం అదే మొదటిసారి.

రైల్లో మూడు నాలుగు గంటల దూరంలో ఉన్న లైప్‌జిగ్‌లో మెడికల్ సీటుకు దరఖాస్తు పెట్టాలని నిర్ణయించుకున్నాం. మాలాంటి విదేశీయులకు ఇచ్చే సీట్లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఈసారి తప్పితే మళ్ళీ ఏడాది ఆగాలి, ఆగే వయసు తనకు లేదని ఆమె దిగులు. మార్కులున్నాయి, భాషా సర్టిఫికెట్టు ఉంది. ఇక కావలసింది లెబెన్స్‌లౌఫ్, అంటే ఏ నెలలో ఏం చేశావో వరుసగా చెప్పే పట్టిక. దానితోపాటు ఈ చదువు ఎందుకు కావాలో చెప్పే ఉత్తరం.

"అది నాకు ఇడిసిపెట్టు" అన్నాను. రెజ్యూమెలు రాయడంలో నన్ను మించినవాడు లేడని నా గట్టి నమ్మకం. నేను అమీర్‌పేట్‌లో తయారైన సరుకుని. అక్కడ కోర్సుతోపాటు లేని అనుభవం ఉన్నట్టు చెప్పడం కూడా నేర్పేవాళ్ళు. నా మొదటి రెజ్యూమెలో రెండేళ్ళు ఫేక్ పెట్టాను. మా బ్యాచ్‌లో అందరం పెట్టాం. ఆ రెండేళ్ళు ప్రతి కొత్త రెజ్యూమెలోకీ నా వెంటే వచ్చాయి, ఎష్‌బోర్న్ దాకా. ఈ సంగతి పెళ్ళిచూపుల్లోనే ఆమెకు చెప్పేశాను. చెప్పినందుకే నన్ను చేసుకున్నానని ఇప్పటికీ అంటుంది.

ఆమె ఇచ్చిన కాగితంలో ఆర్మీ గురించి ఆరే ఆరు లైన్లున్నాయి. ఐదేళ్ళు, ఆరు లైన్లు! నాకు ప్రాణం ఉసూరుమంది. కూర్చుని వాటిని రెండు పేజీలు చేశాను. ఆమె నా పేజీల మీద ఎర్ర పెన్ను పట్టుకుని, రోగి చార్టు చూసినట్టు చూసింది.

"ఎత్తైన మంచుకొండల్లో విధులు అని రాశారు. నేనున్నది కొండ కింద ఆసుపత్రిలో. వేళ్ళు మంచుకి నల్లబడినవాళ్ళని కిందకి దింపి మా దగ్గరకి తెచ్చేవారు."

"కొండ కొండే గద. పైనుంటే ఏంది, కిందుంటే ఏంది?"

"పైన చేసినవాళ్ళు వేరే ఉన్నారండి." అని కొట్టేసింది. "ఇదేటి, శస్త్రచికిత్సల్లో కీలక పాత్రా? నేను పనిముట్లు అందించాను, కుట్లు వేసే ముందు అవన్నీ ఉన్నాయో లేదో లెక్కపెట్టాను. అదే రాయండి."

అదే రాశాను. రెండు పేజీలు మళ్ళీ ఒకటయ్యాయి. "నేను" అని నేను పెట్టిన ప్రతిచోటా ఆమె "మేము" అని దిద్దింది. ఎంపిక చేసేవాళ్ళకు మీ రెజిమెంటు మొత్తం వద్దు, నువ్వొక్కదానివే కావాలి అని ఎంత మొత్తుకున్నా వినలేదు. కోపం వచ్చింది గాని, ఆ కోపంలోనే ముద్దు కూడా వచ్చింది. నేను లేనివి పుట్టించడానికి అలవాటుపడ్డ మనిషిని, ఆమె ఉన్నది చెప్పుకోవడానికే సిగ్గుపడుతోంది.

ఆఖరి ప్రతి నేనొక్కణ్ణే కూర్చుని తయారుచేశాను. ఎల్లుండితో గడువు అయిపోతుందనగా ప్రింటు తీసి, సంతకం కోసం వంటింటి టేబుల్ మీద పెట్టాను. ఆమె డ్యూటీ నుంచి వచ్చి, మాస్కు తాళ్ళ గీతలు చెంపల మీద అలాగే ఉండగా, నిలబడే చదివింది. చదివి కుర్చీ లాక్కుని కూర్చుంది.

"హోము ఏదండీ?"

నాకు తెలుసు ఆ ప్రశ్న వస్తుందని. హోములో చేసిన పదకొండు నెలలు తీసేసి, భాష నేర్చుకున్న కాలాన్ని అక్కడిదాకా సాగదీశాను. మా లైన్లో అలాగే చేస్తారు. మేనేజరుగా చేసినవాడు తర్వాత చిన్న ఉద్యోగం చేస్తే దాన్ని చూపించడు.

"కెప్టెన్ చేసినదానివి, హెల్పర్‌గ చేసిన్నని ఎట్ల రాస్తవ్? కిందికి దిగినట్టు కనవడ్తది."

ఆమె అరవలేదు. అరిచినా బాగుండేది.

"మీరు లేని రెండేళ్ళు పెట్టారు. నాకున్న పదకొండు నెలలు తీసేశారు."

నేను లేచి ఆమెకు గ్లాసుతో నీళ్ళు తెచ్చి పెట్టాను. తాగి, గ్లాసు పక్కన పెట్టింది.

"చలికాలంలో మా హోముకి ఇక్కడి సైనికులొచ్చారు, గుర్తుందా?"

గుర్తుంది. స్టాఫ్‌లో సగం మందికి పాజిటివ్ వస్తే, టెస్టులు చేయడానికి, చేతిసాయానికి ఇద్దరు సైనికుల్ని పంపారు. అంతకుమించి నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు.

"అందులో ఒకమ్మాయి, ఇంత పొడుగు. మూడో అంతస్తులో పడక పుండున్న ముసలాయన్ని పక్కకి తిప్పాలంటే, తుపాకీ పట్టినట్టు పట్టుకునేది. ఆయన కేక పెట్టేవాడు. ఇద్దరికీ నేనే నేర్పాను. వారం తిరక్కుండా ఆయన వాళ్ళని పేరు పెట్టి పిలిచాడు."

"నువ్వు కెప్టెన్‌వని చెప్పినవా వాళ్ళకు?"

"లేదు."

"ఎందుకు చెప్పలే?"

"చెబితే నిటారుగా నిలబడిపోతారండి. నాకు వాళ్ళు వంగడం కావాలి."

కాగితం నా వైపు తోసింది. "ఆర్మీలో ఆర్డరేసి చేయించాను. ఆర్డరు లేకుండా చేయించడం ఇక్కడే నేర్చుకున్నాను. ఆ ముసలాయన పుండు ఎందుకు మానట్లేదో రోజూ ఆలోచించేదాన్ని. ఏం మందు మార్చాలో చెప్పే చదువు నాకు లేదు. అందుకే డాక్టరు అవ్వాలనుకున్నాను. అదే తీసేస్తే, ఉత్తరంలో ఎందుకు చదువుతానని రాస్తారు మీరు?"

నాకు తల కొట్టేసినట్టయింది. ఇంతకాలం ఆమెను పెద్దది చేసి చూపిస్తున్నాననుకుంటూ, ఆమె ఎందుకు చదవాలనుకుంటోందో ఒక్కసారి కూడా అడగలేదు. అప్పటికప్పుడు లాప్‌టాప్ తెరిచాను. ఆమె చెప్పింది, నేను టైపు చేశాను. హోము పదకొండు నెలలు అన్నిటికన్నా పైకి వచ్చాయి. ఆర్మీ మళ్ళీ ఆమె రాసిన ఆ ఆరు లైన్లకే వచ్చింది. ఒక్క విషయంలో మాత్రం నా మాట నెగ్గింది. కనీసం నాలుగు చోట్ల "మేము" తీసి "నేను" పెట్టనిచ్చింది.

ఇంటర్వ్యూ ఆన్‌లైన్లో జరిగింది. నన్ను ఇంట్లో ఉండనివ్వలేదు, స్టేషను దాకా నాలుగుసార్లు నడిచి వచ్చాను. ఇద్దరు ప్రొఫెసర్లట. కెప్టెన్ సంగతి ఒక్క ప్రశ్నతో సరిపెట్టి, మిగతా సమయమంతా మూడో అంతస్తు ముసలాయన గురించే అడిగారట.

సెప్టెంబర్లో సీటు వచ్చినట్టు ఉత్తరం వచ్చింది. ఆమె దాన్ని రెండుసార్లు చదివి, మడిచి, నా భుజం మీద తల పెట్టి గట్టిగా ఏడ్చింది. నేనూ ఏడ్చాను. మర్నాడు పొద్దున్నే మామూలుగా డ్యూటీకి వెళ్ళింది.

ఆమె లైప్‌జిగ్‌లో, నేను ఎష్‌బోర్న్‌లో ఉండటం నా వల్ల కాదనిపించింది. లైప్‌జిగ్‌లో ఉద్యోగం వెతుక్కుందామని నా రెజ్యూమె తెరిచాను. ఆ ఫేక్ రెండేళ్ళు నా ముందు నిలబడ్డాయి. తీసేశాను. ఖాళీ వచ్చింది. ఆ ఖాళీలో నిజంగా ఏం చేశానో రాసి, ప్రింటు తీసి ఆమెకిచ్చాను. కరీంనగర్‌లో మా మేనమామ మెడికల్ షాపులో కూర్చున్నానని రాసి ఉంది. ఇంజనీరింగ్ చదివి మందులమ్ముతున్నానని చెప్పుకోలేక ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, ఆమెకు కూడా.

ఆమె ఎర్ర పెన్ను తీసింది. చదువుతూ ఆ రెండేళ్ళ దగ్గర ఆగింది.

"ఏటి చేసేవారు అక్కడ?"

"చీటీ చూసి మందులిచ్చేటోణ్ణి. సదువు రానోళ్ళు వస్తే కవర్ల మీద బొమ్మలు గీసేటోణ్ణి. పొద్దుటి గోళీకి సూర్యుడు, రాత్రి గోళీకి చంద్రుడు. గంతే."

"రెండేళ్ళూనా?"

"రెండేళ్ళు."

ఆమె పెన్నుకు మూత పెట్టి నా చేతికిచ్చింది.

"ఆ సూర్యుణ్ణీ చంద్రుణ్ణీ కూడా రాయండి" అంది.