ముందు దొరసానికి పెట్టు

నా చిన్నప్పుడు మా ఇంట్లో పెత్తనం మా నాయనది కాదు, రెండు పిల్లులది. ఆడదాన్ని దొరసాని అనేవాళ్ళం. తడి నేల మీద కాలు పెట్టాలంటే మొహం చిట్లించేది. మగదాన్ని మునసబు అనేవాళ్ళం. పల్లెలో ప్రతి ఇంటి వంటా విచారించుకుంటే గానీ దానికి పొద్దు గడిచేది కాదు. మాది పులికాట్ సరస్సు ఒడ్డున చేపలు పట్టే పల్లె. ఎలుకలు వల కొరికితే మా పొట్ట కొరికినట్టే. అందుకే ఆ రెండింటికీ మా కంటే ఎక్కువ మర్యాద జరిగేది.

అయిదో తరగతిలో బడి మానేశాను. మానేశానని గొప్పగా చెబుతాను గానీ, అసలు సంగతి రొయ్యలు ఒలవడానికి ఇంట్లో చేతులు చాలకపోవడం. నాకు ఎక్కాలంటే భయం పోయింది, అయ్యవారికి నేనంటే భయం పోయింది. ఇద్దరం సుఖపడ్డాం. కాకపోతే పగలంతా నాతో మాట్లాడే మనిషి లేకుండా పోయింది. అమ్మా నాయనా సరస్సు మీద ఉండేవాళ్ళు, మా అవ్వ చేపల గంపెత్తుకుని ఊళ్ళ మీద తిరిగేది. రొయ్య ముళ్ళకు వేళ్ళు చీలి మండుతుంటే, ఆ మంట ఎవరికి చెప్పుకోవాలో తెలిసేది కాదు.

ఆ ఏడు తుపాను వాన వెలిసిన పొద్దున, ఒడ్డున బోర్లించిన పడవ కింద నాలుగు పిల్లికూనలు కనిపించాయి. మూడు అప్పటికే చచ్చిపోయాయి. నాలుగోది అరవడానికి నోరు తెరుస్తోంది గానీ గొంతు రావడం లేదు. లంగాలో చుట్టి ఇంటికి తెచ్చాను. ఇక నా మాట వినడానికి ఒకరున్నారు అనుకున్నాను.

జాలి ఎక్కువైనప్పుడు మనిషికి బుద్ధి తక్కువవుతుంది. మునసబు పడుకునే వలల కుప్ప మీద కూనను పడుకోబెట్టాను. మునసబు పళ్ళెమే దానికిచ్చాను. పెద్దవాడు, సర్దుకుంటాడులే అనుకున్నాను. రెండు రోజులు గుర్రుమని, మూడో రోజు మునసబు గోడ దూకి పక్కింటి అక్క దగ్గరికి వెళ్ళిపోయాడు. దొరసాని మాత్రం వెళ్ళలేదు. కూన కనిపిస్తే చాలు వీపు విల్లులా వంచి బుస్సుమనేది.

దాన్ని దారికి తేవడానికి నేనొక ఉపాయం చేశాను. అంత తెలివిగల ఉపాయం మళ్ళీ ఈ జన్మలో నాకు తట్టలేదు, దేవుడి దయ. పిల్లులకు రొయ్యలంటే ప్రాణం కదా అని, రొయ్య తలకాయలు నలిపి ఆ రసం కూన ఒళ్ళంతా పూశాను. దొరసాని నిజంగానే పరుగున వచ్చింది. వచ్చి కూన చెవి పట్టి కొరికింది. విడిపించేసరికి చెవి చివర లేదు. కూన వెళ్ళి కుండల వెనక దూరింది, పాలు పెట్టినా రాలేదు.

అదే రోజు మా నాయన వల విప్పి చూశాడు. మూడు చోట్ల ఎలుకలు కొరికాయి. మునసబు లేడు, దొరసానికేమో కూన మీద కాపలాతోనే సరిపోతోంది.

"గాలి తగ్గి పడవ దించేదానికి అయిదు రోజులు పడతాది. ఆ పొద్దు దీన్ని ఎత్తకపోయి దిబ్బ మీద వదిలేస్తా. వల పోతే ఏం తింటాం మే, నీ కూననా?" అన్నాడు.

దిబ్బ అంటే సరస్సు నడుమ ఇసుక. తాగడానికి మంచినీళ్ళుండవు, పైన గద్దలుంటాయి. నాయన చెప్పింది అబద్ధమైతే పోట్లాడేదాన్నే, కానీ ఆయన అన్నది నిజం. ఆ రోజు అన్నం ముట్టలేదు. కూనను కాపాడితే నా రెండు జడల్లో ఒకటి ఇస్తానని గంగమ్మకు మొక్కుకున్నాను. రెండూ అడుగుతుందేమోనని భయపడి, అడిగితే ఇచ్చేస్తానని కూడా చెప్పాను. నవ్వు తెప్పించే మొక్కే గానీ, నేను మొక్కింది ఏడుస్తూనే.

అవ్వ ఎండుచేపల గంప దించి, నా మొహం చూసి, సంగతంతా చెప్పించుకుంది.

"ఏందిమే, నీకు పుణ్యం కావాల్సొస్తే మునసబు పళ్ళెం లాక్కుంటావా? మన పల్లెకి కొత్తగా ఇల్లరికం అల్లుడొస్తే ఏం జేస్తారు?"

అది నాకు తెలుసు. సరస్సులో ఏ రోజు ఏ చోట ఎవరు వల వెయ్యాలో మా పల్లెలో వంతులుంటాయి. కొత్తవాడొస్తే పాతవాళ్ళ వంతు ఒక్కటీ కదల్చరు. అందరి తర్వాత వాడికో వంతు కలుపుతారు. వాడు నెలల తరబడి ఒడ్డున కూర్చుని చూడాల్సిందే.

"అట్ట జెయ్యకపోతే తెడ్లతో తలకాయలు పగలగొట్టుకుంటారు. మనుషులే అట్టుంటే పిల్లి ఊరుకుంటాదా?"

వెనక వసారాకు అడ్డంగా అవ్వ ఒక పాత వల కట్టింది. అవతల కూన, ఇవతల దొరసాని. వల కళ్ళలోంచి చూపు పోతుంది, వాసన పోతుంది, పంజా పోదు. దొరసాని పడుకునే గోతాం ముక్క కూన కింద వేసి, కూన పడుకున్న పాతచీర పేలిక దొరసాని చోట పెట్టింది.

"ఇదెందుకవ్వా?"

"చెప్తే అర్థమయ్యేదానికి అదేమన్నా బడికి పొయ్యిందా? పొయ్యిన దానివి నీకే కాలా. ముందు ఒకదాని వాసన ఇంకోదానికి అలవాటు కావాల."

తిండి వల దగ్గరే పెట్టాలి. ముందు దొరసానికి పెట్టి, అది మూతి దించాకే కూనకు పెట్టాలి. రోజుకు జానెడు చొప్పున రెండు పళ్ళేలూ దగ్గరికి జరపాలి. మొదటి రోజు దొరసాని పళ్ళెం ముట్టలేదు. రెండో రోజు తిని, వల వైపు బుస్సుమంది. మూడో రోజూ అంతే. నాలుగో రోజు బుస్సుమనలేదు గానీ, కళ్ళు మాత్రం కూన మీదనుంచి తీయలేదు. మునసబు పళ్ళెం కడిగి పాత చోటనే పెట్టాను. వాడు గోడ మీదికొచ్చి చూసి వెళ్ళిపోయేవాడు.

అయిదో రోజు పొద్దున గాలి లేదు. నాయన బుట్ట తెచ్చాడు.

"నిమిషం ఆగరా" అని అవ్వ వల అంచు ఎత్తింది.

దొరసాని తింటోంది. కూన కడుపు నేలకానించి పాకుతూ వచ్చింది. దొరసాని తలెత్తి, తెగిన చెవిని వాసన చూసి, ఫట్‌మని ఒక దెబ్బ వేసింది. నేను కేక పెట్టాను. అవ్వ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"చూడు మే, గోళ్ళు దియ్యలా. యాడ కూచోవాల్నో చెప్పింది, అంతే."

కూన వెనక్కి జరిగి కూర్చుంది. దొరసాని తినడం ముగించి, దానికి వీపు తిప్పి, కాలు నాక్కోవడం మొదలుపెట్టింది. నాయన అదంతా చూసి బుట్ట అక్కడే వదిలేసి పడవ దగ్గరికి వెళ్ళిపోయాడు.

మునసబు మాత్రం మళ్ళీ రాలేదు. పక్కింటి అక్క దగ్గరే ముసలివాడై పోయాడు. నేను పిలిస్తే తల తిప్పుకునేవాడు. అవ్వకు చాలా ఉపాయాలు తెలుసు గానీ, దానికి మాత్రం ఏ ఉపాయమూ చెప్పలేదు.

ఎన్నో ఏళ్ళ తర్వాత, మా చిన్న కోడలు కొత్తగా ఇంటికొచ్చిన రోజు అందరూ ఆ పిల్ల చుట్టూ మూగారు. నేను పెద్ద కోడలిని పిలిచి, కూర్చోబెట్టి, చేపల పులుసులో నడిమి ముక్క దాని ఆకులో వేశాను.

"ఏందత్తా, ఈ పొద్దు పెళ్ళికూతురు ఆ పాప కదా?" అంది నవ్వుతూ. కళ్ళు మాత్రం నవ్వడం లేదు.

"తిను మే" అన్నాను. అది రెండు ముద్దలు తిన్నాకే చిన్నదాన్ని పిలిచాను.